ఒకే రేకు, అనేక వర్ణాలు

ఈ పత్రిక చేతికి అందగానే ముఖచిత్రాన్ని ఒక భూతద్దం క్రింద ఉంచి చూడవలసినదిగా పాఠక మిత్రులను కోరుతున్నాము. ఇంట్లో భూతద్దం లేనివారు సర్వే విభాగంలోని మిత్రులను అడిగితే తప్పక దొరుకుతుంది. మామూలు కంటికి ఆకుపచ్చగా తోచే సాల వృక్షాలు అద్దం క్రింద ఆకుపచ్చగా ఉండవు. నీలి చుక్కలు, పసుపు చుక్కలు ప్రక్కప్రక్కనే పేర్చి ఉంటాయి. మన బైలదిల్లా కొండల ముదురెరుపు కూడ అంతే. నాలుగు సిరాలు, నాలుగు పలకలు, లక్షలాది చుక్కలు. మిగిలిన పనంతా మన కంటిది.

ఈ విద్యకు సుమారు 300 సంవత్సరాల చరిత్ర ఉన్నది. దాని పుట్టినిల్లు రాగి రేకు. మెట్టినిల్లు పారిస్ నగరం. అదే పారిస్‌లో, 1950ల తొలినాళ్లలో, మన చిత్తూరు జిల్లా నుంచి వెళ్లిన ఒక కళాకారుడు మరికొందరు సహచరులతో కలిసి ఆ పాత విద్యను కొత్త దారి పట్టించారు. అందుకు వారికి సాధనమైనది ఏదో అరుదైన యంత్రం కాదు. నూనెకు ఉండే చిక్కదనం. మన గనిలో గేరుబాక్సుకు ఏ నూనె పోయవలెనన్న చర్చ వచ్చినప్పుడల్లా మనం తలచుకునే స్నిగ్ధత అనే గుణమే అది. యంత్రశాలలో బ్రతికిన మాబోటివారు ఒక చిత్రకళా విషయాన్ని తలకెత్తుకోవడానికి కారణం కూడ అదే.

ముందుగా రాగి రేకు సంగతి. రబ్బరు ముద్రలో ఉబ్బెత్తుగా ఉన్న భాగం సిరా అంటుకుని కాగితంపై పడుతుంది. రాగి రేకు ముద్రణలో ఇది తారుమారు. రేకుపై ఉలితో గీతలు చెక్కుతారు, లేదా ఆమ్లంతో తినిపిస్తారు. రేకంతటికీ సిరా పూసి, పైభాగాన్ని గుడ్డతో శుభ్రంగా తుడిచివేస్తారు. గాడులలో మాత్రమే సిరా మిగులుతుంది. తడిపిన మందపాటి కాగితాన్ని దానిపై పరచి, రెండు ఉక్కు రోలర్ల నడుమ గట్టిగా నొక్కితే, కాగితం గాడులలోకి దిగి ఆ సిరాను పైకి తీసుకుంటుంది. రాగిపై చెక్కడం మన తెలుగువారికి కొత్త కాదు. తాళ్లపాక వారి సంకీర్తనలు చెక్కిన రాగి రేకులు తిరుమలలోనే లభించాయి. అయితే మనవారు చెక్కింది చదువుకోవడానికి. ఐరోపావారు చెక్కింది అచ్చు వేయడానికి. తేడా అక్కడే వచ్చింది.

ఒక రేకు ఒక రంగునిస్తుంది. అనేక రంగులు కావాలంటే ఏమి చేయాలి? ముద్ర పడిన తరువాత చేతితో రంగులు అద్దడం ఒక మార్గం. చిన్న గుడ్డ ఉండలతో ఒకే రేకుపై అక్కడక్కడ వేర్వేరు సిరాలు పూయడం మరొకటి; ఇంగ్లండులో ఇది బాగా ప్రచారంలో ఉండేది. మూడవ మార్గాన్ని కనుగొన్నవాడు జాకబ్ క్రిస్టోఫ్ లె బ్లోన్. 1667లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో జన్మించాడు. న్యూటన్ మహాశయుని వర్ణ సిద్ధాంతాన్ని ఆధారంగా తీసుకుని, నీలం, పసుపు, ఎరుపు అనే మూడు రంగులకు మూడు రేకులు చెక్కి, ఒకే కాగితంపై ఒకదాని తరువాత ఒకటి ముద్రిస్తే సకల వర్ణాలూ పుడతాయని ఋజువు చేశాడు. కాంతి రంగులు కలిస్తే తెలుపు వస్తుందని, సిరా రంగులు కలిస్తే నలుపు వస్తుందని ఆయన తన ‘కొలొరిత్తో’ అనే గ్రంథంలో స్పష్టంగా వివరించాడు. ఆ గ్రంథం 1725 ప్రాంతంలో లండన్‌లో వెలువడింది.

ఇందులోని కష్టం ఎంతటిదో ఇంజనీర్లు కానివారు కూడ ఊహించవచ్చు. నేడు ఒక చిత్రాన్ని నాలుగు రంగులుగా విడదీసే పని కంప్యూటరు చేస్తున్నది. దానికి ముందు కెమెరా, రంగుటద్దాలు చేశాయి. లె బ్లోన్ కాలానికి ఇవేవీ లేవు. ఎదురుగా ఉన్న తైలవర్ణ చిత్రాన్ని చూస్తూ, ఫలానా బుగ్గపై ఎరుపు ఎంత, పసుపు ఎంత, నీలం ఎంత అని కేవలం కంటితో అంచనా కట్టి, మూడు రేకులపై మూడు పాళ్లుగా చెక్కవలసి వచ్చేది. అదీ అద్దంలో ప్రతిబింబంలాగ కుడి ఎడమలు మార్చి.

లండన్‌లో ఆయనకు 1719లో రాజు నుంచి పేటెంటు లభించింది. చిత్రాలను ముద్రించి అమ్మడానికి ఒక కంపెనీ కూడ వెలసింది. లెక్కలు కుదరక అది కొద్ది ఏళ్లలోనే మూతపడింది. ఆ తరువాత పారిస్ చేరి, అక్కడ పదిహేనవ లూయీ రాజు నుంచి ప్రత్యేక హక్కు పొందాడు. తన రహస్యాన్ని రాజు నియమించిన పరిశీలకుల ఎదుట ప్రదర్శించి చూపాలన్నది ఆ హక్కుకు షరతు. ఈ షరతు ఎంత విలువైనదో తరువాత తెలిసింది. 1741లో లె బ్లోన్ కన్నుమూశాడు. వెంటనే, ఆయన వద్ద కొద్దికాలం పనిచేసిన గోతియే దగోతి అనే వ్యక్తి, నాలుగవదైన నల్ల రేకుతో కూడిన పద్ధతి తనదేనంటూ రంగంలోకి వచ్చాడు. శరీర నిర్మాణ శాస్త్రానికి ఆయన ముద్రించిన వర్ణ చిత్రాలు నేటికీ ప్రసిద్ధం. అయితే ఎవరు కనిపెట్టారన్న తగవు చాలాకాలం సాగింది. ఆ పరిశీలకులలో ఒకడైన మోందోర్జ్ 1756లో లె బ్లోన్ పద్ధతిని పూసగ్రుచ్చినట్లు వివరిస్తూ ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. అంటే, గురువు పోయిన 15 ఏళ్లకు ఆయన చేతిలోని విద్య కాగితంపైకి ఎక్కింది. ఎక్కకపోయి ఉంటే ఏమయ్యేదో చెప్పనవసరం లేదు.

ఆ పుస్తకం వచ్చిన ఒకటి రెండు దశాబ్దాలకు పారిస్‌లో వర్ణ ముద్రణకు మంచి రోజులు వచ్చాయి. నీటి రంగుల చిత్రంలాగా పలుచని పొరలు పొరలుగా కనిపించే విధానాన్ని జానినే అనే కళాకారుడు పరాకాష్ఠకు చేర్చాడు. 1777లో ఆయన చెక్కిన మేరీ ఆంత్వానెత్ రాణి చిత్రపటానికి బంగారు రేకు చట్రం కూడ ముద్రణలో భాగమే. ఈ జానినేకు ఆకాశయానంపై మోజు. 1784 జులైలో ఒక మతాచార్యునితో కలిసి పారిస్‌లో పెద్ద వేడిగాలి బెలూను ఎగురవేయబోయాడు. డబ్బు చెల్లించి వచ్చిన జనం గంటల తరబడి ఎండలో నిలబడ్డారు. బెలూను లేవలేదు సరికదా, అంటుకున్నది. ఆగ్రహించిన జనం మిగిలిన దానిని చించి పోగులు పెట్టారు. మరుసటి రోజుల్లో ఆయనను వెక్కిరిస్తూ చెక్కిన బొమ్మలు పారిస్ వీధుల్లో అమ్ముడుపోయాయి. చెక్కడపు విద్యలో నేర్పరికి చెక్కడంతోనే శాస్తి జరిగిందన్నమాట.

దెబుకూర్ అనే మరొక కళాకారుడు 1792లో ‘ప్రజా విహారం’ అనే చిత్రాన్ని అచ్చు వేశాడు. రాజభవనపు తోటలో పగటి వేషాలవలె అలంకరించుకుని తిరిగే షోకిలాల గుంపు అందులోని దృశ్యం. దెబుకూర్ ప్రత్యేకత ఏమిటంటే, ఆయన స్వయంగా చిత్రకారుడు. తన బొమ్మలను తానే చెక్కాడు. ఆ కాలంలో ఇది అరుదు. సాధారణంగా చిత్రకారుడు ఒకడు, చెక్కేవాడు మరొకడు, సిరా పూసి యంత్రం త్రిప్పేవాడు ఇంకొకడు, పెట్టుబడి పెట్టి అమ్మేవాడు నాలుగవవాడు. పాత ఫ్రెంచి ముద్రణ చిత్రాల అడుగున ఎడమ మూల చిత్రకారుని పేరు, కుడి మూల చెక్కినవాని పేరు సన్నని అక్షరాలతో కనిపిస్తాయి. ముద్రించినవాని పేరు చాలామటుకు ఉండదు. తడి కాగితాన్ని నాలుగు పర్యాయాలు నాలుగు రేకులపై వెంట్రుకవాసి తేడా రాకుండా పరచినవాడు అతడే.

ఆ తేడా రాకుండా చూడడమే అసలు చిక్కు. తడిసిన కాగితం సాగుతుంది, ఆరుతుంటే ముడుచుకుంటుంది. యంత్రపు ఒత్తిడికి మళ్లీ సాగుతుంది. అందుకని రేకు అంచులలో సూది మోపేంత రంధ్రాలు చేసి, కాగితానికీ అదే చోట సూదులు గ్రుచ్చి, ప్రతిసారీ ఆ రంధ్రాలలోనే సూదులు దిగేటట్లు పరచేవారు. ఆనాటి అసలు ముద్రణ ప్రతులలో కొన్నిటి అంచులపై ఆ సూది గుర్తులు నేటికీ కనిపిస్తాయి. పాత ఫ్రెంచి వర్ణ చిత్రం పేరుతో ఎవరైనా ఏదైనా అమ్మజూపితే పరిశీలకులు చూసే గుర్తులలో ఇదొకటి. రెండు రేకులను సరిగ్గా జత కలపడం ఎంత కష్టమో, కప్లింగ్ ఎలైన్‌మెంటు చేసిన ఫిట్టరు సోదరులకు మేము చెప్పనక్కరలేదు.

తరువాతి శతాబ్దంలో రాతి అచ్చు వచ్చింది, ఫోటోగ్రఫీ వచ్చింది, యంత్రాలు వేగం పుంజుకున్నాయి. లె బ్లోన్ రంగుల లెక్క మాత్రం చెక్కుచెదరకుండా యంత్రాలలోకి ప్రవేశించింది. రాగి రేకు చెక్కేవాని చేతికి పని పోయింది.

1926లో పారిస్ చేరుకున్న ఒక ఆంగ్లేయ యువకుడు ఈ పాత విద్యకు మళ్లీ ప్రాణం పోశాడు. స్టాన్లీ విలియం హేటర్ అతని పేరు. చదివింది రసాయన, భూగర్భ శాస్త్రాలు. చేసిన ఉద్యోగం పర్షియాలోని అబదాన్‌లో, ఆంగ్లో పర్షియన్ ఆయిల్ కంపెనీలో, 1922 నుంచి 1925 వరకు. మన సంస్థలో భూగర్భ విభాగం వారు, రసాయన ప్రయోగశాల వారు ఈ సంగతి గమనించి గర్వించవచ్చు. 1927లో ఆయన ఒక కార్యశాల ప్రారంభించాడు. 1933లో కాంపాన్ ప్రెమియేర్ వీధిలోని 17వ నంబరు ఇంటికి మారడంతో దానికి ‘అతెలియే 17’ అనే పేరు స్థిరపడింది. పికాసో, మీరో, జియాకొమెట్టి వంటి మహామహులు అక్కడ రేకులు చెక్కారు. అక్కడ గురుపీఠం లేదు. అందరూ ఒకే బల్ల చుట్టూ పనిచేసేవారు. ఒకరు కనుగొన్నది అందరిదీ. రేకును ఎవరి బొమ్మకో నకలు తీసే సాధనంగా కాక, నేరుగా ఆలోచించే స్థలంగా చూడాలన్నది హేటర్ పట్టుదల. యుద్ధకాలంలో ఆ కార్యశాల న్యూయార్క్‌కు తరలి, 1950లో తిరిగి పారిస్ చేరింది.

ఆ తరుణంలోనే అక్కడికి చేరారు కృష్ణారెడ్డి గారు. 1925లో చిత్తూరు సమీపంలోని నందనూరులో జన్మించారు. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ శిష్యరికం చేశారు. మద్రాసు కళాక్షేత్రంలో చిత్రకళా విభాగం నడిపారు. లండన్‌లో స్లేడ్ స్కూలులో హెన్రీ మూర్ వద్ద, పారిస్‌లో జాడ్కిన్ వద్ద, తరువాత ఇటలీలో మరీనో మరీనీ వద్ద శిల్పం నేర్చుకున్నారు. అంటే ఆయన ప్రధానంగా శిల్పి. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే ఆయన చేసిన పని సులభంగా బోధపడుతుంది. చెక్కేవారు రేకును కాగితంవలె సమతలంగా చూశారు. శిల్పి దానిని రాయివలె లోతుగలదిగా చూశారు.

హేటర్ అంతకు ముందే, 1946లో, ‘ఐదు మూర్తులు’ అనే చిత్రంలో ఒకే రేకుపై అనేక రంగులు ఉంచి ఒకే ఒత్తిడితో ముద్రించాడు. ఆ రంగులను రేకుపైకి చేర్చడానికి పట్టు తెరలు వాడవలసి వచ్చింది. 1950లలో అతెలియే 17లో కృష్ణారెడ్డి గారు, బొంబాయి నుంచి వచ్చిన కైకో మోతీ, హేటర్ కలిసి చేసిన ప్రయోగాలలో తెరల అవసరం లేని మార్గం దొరికింది. దానిని ఇంటి భాషలో చెప్పడానికి ప్రయత్నిస్తాము.

అట్లు పోసే గృహిణులకు తెలిసిన విషయమే. పెనం మీద నూనె మరీ ఎక్కువైన చోట పిండి పట్టదు, జారిపోతుంది. పొడిగా ఉన్న చోట పట్టుకుంటుంది. సిరాకూ ఇదే వర్తిస్తుంది. అవిసె నూనె ఎక్కువ కలిపి పలుచన చేసిన సిరాను ఒకచోట పూసి, దానిమీదుగా బాగా చిక్కటి సిరా పూసిన రోలరును నడిపితే, చిక్కటి సిరా అక్కడ అంటదు. కారణం ఊహించడం కష్టం కాదు. రోలరు పైకి లేచేటప్పుడు రెండు సిరాల పొర ఎక్కడో ఒకచోట చీలాలి. పలుచని సిరా సులువుగా చీలుతుంది. చిక్కటిది తనను తాను గట్టిగా పట్టుకుని రోలరుతోనే లేచిపోతుంది. నూనె సిరా లేని పొడి లోహంపై మాత్రం చిక్కటి సిరా చక్కగా అంటుకుంటుంది. వరుస తిరగవేసి, ముందు చిక్కటిది, తరువాత పలుచనిది పూస్తే, రెండవది మొదటిదానిపై కూర్చుని రంగులు కలిసిపోతాయి. అంటే అవే రెండు సిరాలు, అదే రేకు. వరుస మారితే చిత్రం మారుతుంది.

ఇక శిల్పి ప్రవేశం. జింకు రేకును ఆమ్లంతోను, ఉలులతోను, చిన్న విద్యుత్ పనిముట్లతోను మూడు నాలుగు అంతస్తులుగా చెక్కుతారు. పై అంతస్తు, మధ్య అంతస్తు, అడుగున గాడులు. ముందుగా గాడులలో ఒక సిరా నింపి పైన తుడుస్తారు. తరువాత గట్టి రోలరుతో పలుచని సిరా పూస్తారు. గట్టిది గనుక అది పై అంతస్తును మాత్రమే తాకుతుంది. ఆ తరువాత మెత్తని రోలరుతో చిక్కటి సిరా. మెత్తనిది గనుక నొక్కితే మధ్య అంతస్తులోకి దిగి అక్కడ రంగు ఉంచుతుంది. పై అంతస్తులో అప్పటికే నూనె సిరా ఉన్నందున అక్కడ అంటదు. మూడు రంగులు, మూడు లోతులు, ఒక్క రేకు. దానిపై తడి కాగితం పరచి ఒక్కసారి నొక్కితే చాలు. ఫ్రెంచి ముద్రకుని నాలుగు రేకుల బాధ, సూది రంధ్రాల బాధ ఒక్క దెబ్బతో తీరిపోయాయి. ఒకటే రేకయినప్పుడు జత కుదరకపోవడమన్న ప్రశ్నే లేదు.

పై అంతస్తుకూ మధ్య అంతస్తుకూ నడుమ వాలును ఉలితో గరుకుగా చెక్కితే, ఆ గరుకుపై రంగులు చిన్న చిన్న చుక్కలుగా ప్రక్కప్రక్కన పడతాయి. దూరం నుంచి చూస్తే అవి కలిసి కొత్త వర్ణమవుతాయి. మన పత్రిక ముఖచిత్రంలో తెర చేసే పనే ఇది. కాని ఇక్కడ ప్రతి చుక్క వెనుక ఒక మనిషి ఉలి దెబ్బ ఉన్నది.

ఇంజనీరుగా మాకు ముచ్చట గొలిపిన సంగతి ఇందులో కొలతకు ఉన్న స్థానం. గట్టి రోలరు, మెత్తని రోలరు అని ఊరకే అంటే కుదరదు. రబ్బరు గట్టిదనాన్ని షోర్ అంకెతో కొలవాలి. కన్వేయరు పుల్లీలపై రబ్బరు పూత వేయించేటప్పుడు మనం చూసే అంకె అదే. రోలరు ఒక్క చుట్టు తిరిగేసరికి రేకంతా పూర్తి కావాలి, లేకపోతే చారలు పడతాయి. అందుచేత దాని వ్యాసం రేకు పొడవును బట్టి నిర్ణయించాలి, పొడవును 3.14తో భాగిస్తే కనీస వ్యాసం వస్తుంది. సిరా చిక్కదనం ఉష్ణోగ్రతతో మారుతుంది. మన గేరు నూనె డబ్బాలపై ఉండే 220, 320 అనే అంకెలు 40 డిగ్రీల సెల్సియస్ వద్ద మాత్రమే సార్థకమని అందరికీ తెలుసు. పారిస్ చలికాలంలో కుదిరిన పాళ్లు బస్తర్ మే నెలలో కుదరవు.

గత సెలవులలో మేము ఇంట్లోనే దీనిని పరీక్షించి చూశాము. జగదల్‌పూర్‌లోని ఒక ముద్రణాలయం నుంచి రెండు సిరాలు, రంగుల దుకాణం నుంచి అవిసె నూనె తెచ్చాము. మందపాటి గాజు పలక రేకుకు బదులు. గట్టి రోలరుగా అప్పడాల కర్ర (శ్రీమతి అనుమతితోనే), మెత్తని రోలరుగా స్పాంజి రబ్బరు చుట్టిన పైపు ముక్క. గాజుపై సగభాగంలో నూనె కలిపిన పసుపు పూసి, చిక్కటి నీలం రోలరును ఇటు చివర నుంచి అటు చివరకు నడిపాము. పసుపు పసుపుగానే మిగిలింది. ఖాళీ గాజు నీలమయింది. సరిహద్దు గీత గీసినట్లు ఉన్నది. పలకను తుడిచి, వరుస మార్చి, ముందు నీలం, పైన పసుపు పూస్తే ఆకుపచ్చ వచ్చింది. తొమ్మిదవ తరగతి చదువుతున్న మా అమ్మాయి, “నాన్నగారూ, ఇంతేనా?” అన్నది. ఇంతే. కాని ఈ ‘ఇంతే’ను చూడడానికి లె బ్లోన్ తరువాత రెండు శతాబ్దాలకు పైగా పట్టింది.

కృష్ణారెడ్డి గారి చిత్రాలలో 1963 నాటి ‘సుడిగుండం’, ‘కెరటం’ అనేవి ప్రసిద్ధం. నీటిని ఎందరో చిత్రించారు. వీరు నీటిని బొమ్మగా గీయలేదు. నీటిలోని వేగం రేకు లోతులలో ఎక్కడ ఎంత నిలవాలో చెక్కారు. 1968లో పారిస్ విద్యార్థుల తిరుగుబాటును చూసి ‘ప్రదర్శనకారులు’ అనే చిత్రం చేశారు. అదే 1968లో మన కిరండూల్‌లో 14వ నిక్షేపం నుంచి ఖనిజం వెలికితీత ఆరంభమయింది. ఈ రెంటికీ సంబంధమేమీ లేదు. మా గుర్తుకు సులువని వ్రాశాము. 1986 నాటి ‘గ్రేట్ క్లౌన్’లో సర్కస్ బఫూను చుట్టూ వలయాలు వలయాలుగా గుంపు ఉంటుంది. ఆ ఒక్క రేకు నుంచే సిరాలు, వరుసలు మార్చి ఆయన ఎన్నో వర్ణభేదాలు సాధించారు.

భారత ప్రభుత్వం 1972లో పద్మశ్రీ ఇచ్చి గౌరవించింది. హేటర్ కార్యశాలకు సహ సంచాలకులుగా పనిచేసి, 1976లో న్యూయార్క్ తరలివెళ్లి అక్కడి విశ్వవిద్యాలయంలో ముద్రణ కళా విభాగాన్ని నడిపారు. 2018 ఆగస్టులో న్యూయార్క్‌లోనే కన్నుమూశారు. చిత్తూరు జిల్లాలో పుట్టిన ఈ మహనీయుని పేరు మన తెలుగు ఇళ్లలో ఇంకా తగినంతగా వినిపించకపోవడం మాకు బాధ కలిగిస్తుంది. మన పిల్లల పాఠ్యపుస్తకంలో ఒక పుట ఆయనకు దక్కినా తప్పు లేదు.

ఇక మన బస్తర్ సంగతి. కొండగావ్‌లో ఘడ్వా లోహకారుల పనిని చూడని ఉద్యోగ కుటుంబం మన కాలనీలో ఉండదనుకుంటాము. మట్టి బొమ్మపై తేనెమైనపు దారాలు చుడతారు. జంతికల గొట్టం వంటి సాధనం నుంచి ఆ దారాలను ఒత్తి తీస్తారు. పైన మళ్లీ మట్టి మెత్తి, కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలోకి ఇత్తడి పోస్తారు. అచ్చు పగలగొడితేగాని బొమ్మ బయటకు రాదు. కాబట్టి ప్రతి బొమ్మా ఒక్కటే. పారిస్ రేకు పగలదు, కాని ప్రతిసారీ సిరా కొత్తగా పూయాలి గనుక ప్రతి ముద్రలోనూ చేతిపని ఉంటుంది. మైనపు దారం ఎంత సన్నగా ఉండాలో, ఇత్తడి ఏ రంగుకు వచ్చినప్పుడు పోయాలో ఘడ్వా కళాకారునికి కంటితో తెలుసు, పైరోమీటరు లేదు. కొండగావ్‌కు ప్రపంచ ఖ్యాతి తెచ్చిన జయదేవ్ బఘేల్ ఈ విద్యను తన తండ్రి వద్ద నేర్చుకున్నారు. తండ్రి నుంచి కొడుకుకు, చేతి నుంచి చేతికి. 1982లో భోపాల్‌లో ప్రారంభమైన భారత్ భవన్‌లో బస్తర్ లోహ శిల్పాలు, ముద్రణ కళా కార్యశాల ఒకే ప్రాంగణంలో చోటు చేసుకున్నాయి. ఆ ఆలోచన చేసినవారు సరిగ్గా ఆలోచించారని మా అభిప్రాయం.

చేతి నుంచి చేతికి వెళ్లే విద్యకు ఒక ప్రమాదం ఉన్నది: అందుకునే చేయి లేకపోతే అక్కడితో సరి. లె బ్లోన్ తన విద్యను రహస్యంగా దాచుకున్నాడు. రాజుగారి షరతు, మోందోర్జ్ పుస్తకం దానిని కాపాడాయి. కృష్ణారెడ్డి గారు మరొకరి కోసం వేచి ఉండలేదు. 1988లో తన పద్ధతినంతా పదార్థాలు, ప్రక్రియల వివరాలతో స్వయంగా గ్రంథస్థం చేశారు. దేశదేశాలలో శిక్షణ తరగతులు నడిపి, అడిగినవారికల్లా నేర్పారు. 2016లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం హేటర్‌ను, కృష్ణారెడ్డి గారిని, అలీగఢ్‌లో గణితం చదివి పారిస్‌లో హేటర్ వద్ద ముద్రణ నేర్చిన జరీనా హష్మీని కలిపి ఒకే ప్రదర్శన ఏర్పాటు చేసింది. రసాయనజ్ఞుడు, శిల్పి, గణిత పట్టభద్రురాలు. ఆ వరుస చూడముచ్చటగా ఉన్నది.

మా విభాగంలో ఒక సీనియర్ ఫిట్టరు క్రిందటి సంవత్సరం పదవీ విరమణ చేశారు. బేరింగు పెట్టెపై అరచేయి ఆనించి, ఇంకెన్ని రోజులు నడుస్తుందో చెప్పగల మనిషి. వైబ్రేషను మీటరు ఆ మాట చెప్పడానికి ముందే ఆయన చెప్పేవారు. వీడ్కోలు సభకు రెండు నెలల ముందు నుంచి, రోజూ షిఫ్టు ముగిశాక అరగంట కూర్చుని ఆయన చెప్పినది చెప్పినట్లు మేము వ్రాసుకున్నాము. “ఇదంతా వ్రాసుకునేదా సార్!” అని ఆయన నవ్వేవారు. 200 పుటల నోటు పుస్తకంలో 140 పుటలు నిండాయి. దానికి రెండు నకళ్లు తీయించి, ఒకటి వర్క్‌షాపులోను, మరొకటి శిక్షణా కేంద్రంలోను ఉంచాము. చదివినవారు అంచులలో తమ అనుభవం కూడ వ్రాయవచ్చు. ఇప్పటికే ఇద్దరు వ్రాశారు.

వచ్చే వేసవిలో కాలనీ పిల్లల శిబిరంలో మూడు రోజులు ఈ రంగుల ప్రయోగం చేయించాలని సంకల్పించాము. ఆమ్లం జోలికి పోము. గాజు పలకలు, మందపాటి అట్టను పొరలు పొరలుగా అతికించి వార్నిష్ పూసిన పలకలు చాలు. పాత కన్వేయరు రబ్బరుతో నాలుగు గట్టి రోలర్లు ఇప్పటికే తయారయ్యాయి. మెత్తనివి ఇంకా కావాలి. స్పాంజి రబ్బరు ముక్కలు, వాడని పైపు తునకలు ఉన్నవారు, పిల్లలను పంపదలచినవారు సాయంత్రం 6 గంటల తరువాత వినోద కేంద్రంలో మమ్మల్ని కలుసుకోవచ్చు.